ఎద్దుబండి నీళ్ళ పేటలో నా పరిశోధన

సింగపూర్ పౌరులు, శాశ్వత నివాసుల్లో నూటికి 74 మంది చైనీయులే. అయినా ఆ ఊళ్ళో చైనాటౌన్ అని విడిగా ఒక పేట ఉంది. దానికో మెట్రో స్టేషన్ ఉంది, స్టేషన్ బయట దారి చూపే బాణం గుర్తులున్నాయి. తెనాలిలో 'తెలుగుపేట' అని బోర్డు పెట్టి టూరిస్టు బస్సులు తిప్పితే ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. ఇంత పెద్ద విషయాన్ని ఇన్నాళ్ళూ ఏ మేధావీ పట్టించుకోకపోవడం నన్ను బాగా కలవరపెట్టింది. అందుకని మొన్న సెలవుల్లో అక్కడికి వెళ్ళినప్పుడు ఒక పూట ఖాళీ దొరకగానే ఈ బాధ్యత నా భుజం మీద వేసుకున్నాను. రెండో భుజం మీద అప్పటికే మా ఆవిడ హ్యాండ్‌బ్యాగు ఉంది.

మేం దిగింది పుంగ్గోల్‌లో, మా తోడల్లుడి ఇంట్లో. పుంగ్గోల్ నుంచి చైనాటౌన్‌కి ఊదారంగు లైనులో ఎక్కి కూర్చుంటే చాలు, మారక్కర్లేదు. అయినా ఆయన పదకొండేళ్ళుగా ఆ ఊళ్ళో ఉండి ఒక్కసారి కూడా అక్కడ దిగలేదు.

"అక్కడేముంది అన్నయ్యగారూ? అన్నీ కీచైన్లే. ముస్తఫా షాపులో ఇంకా చవగ్గా వస్తాయి" అన్నాడు.

స్థానికుల అజ్ఞానం గురించి చదవడమే గానీ చూడటం అదే మొదటిసారి. నోటు చేసుకున్నాను.

పరిశోధనలో తేలిన మొదటి సంగతి, ఈ పేట తనంతట తాను పుట్టింది కాదు. 1822లో, ఈ ఊరికి పునాది వేసిన ఇంగ్లీషు రాఫెల్స్ దొర పట్టణానికి ప్లాను గీయించాడు. నదికి నైరుతి వైపు చైనీయులు, ఫలానా చోట చూలియాలు (కోరమాండల్ తీరం నుంచి వెళ్ళిన తమిళ ముస్లింలు), ఫలానా చోట అరబ్బులు, తమవాళ్ళకి విడిగా ఒక టౌను. పెళ్ళి భోజనాల దగ్గర మగపెళ్ళివారికి ఒక బంతి, ఆడపెళ్ళివారికి ఒక బంతి వేసి, ముఖ్యుల్ని మాత్రం లోపల ఏసీ గదిలో కూర్చోబెట్టినట్టు. కానీ బంతిలో ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలో ప్లాను గీసినవాడు అనుకుంటాడు, కూర్చునేవాళ్ళు వింటారా? 1826లో ఆ చూలియాలు సరిగ్గా చైనీయుల బంతిలో మసీదు పెట్టేశారు. మరుసటి ఏడే నారాయణ పిళ్ళై అనే ఆయన పక్కనే మారియమ్మన్ గుడి పెట్టాడు. ఈయన రాఫెల్స్ వెంటే 1819లో పెనాంగ్ నుంచి దిగినవాడు.

దాని ఫలితం ఇప్పటికీ గోడల మీద కనిపిస్తుంది. చైనాటౌన్ నడిబొడ్డున వరసగా మూడు వీధులున్నాయి. మాస్క్ స్ట్రీట్, పగోడా స్ట్రీట్, టెంపుల్ స్ట్రీట్. మొదటిది తమిళ ముస్లింల మసీదు పేరు. మిగతా రెండూ తమిళ హిందువుల గుడి పేరు. పగోడా అంటే ఏ బౌద్ధ స్తూపమో అనుకుని నేను పైకీ కిందకీ వెతికాను. తీరా చూస్తే మన అమ్మవారి గుడినే దొరలు పగోడా అన్నారట. అంటే చైనా పేటకి వచ్చిన టూరిస్టు పగోడా స్ట్రీట్‌లో నిలబడి సెల్ఫీ తీసుకుని, ఎంత చైనీయంగా ఉందో అని మురిసిపోయేది మారెమ్మ తల్లి చలవతోనే.

మా ఆవిడ గోపురం చూడగానే చెప్పులు విడిచేసింది. లోపల గంట మోగుతోంది, విభూతి వాసన, పక్కన ఎవరో అరవంలో పిల్లవాణ్ణి కసురుతున్నారు. తీర్థం తీసుకుని బయటకొచ్చి, "చైనాటౌన్ చూడటం అయిపోయినట్టేగా, ఇక వెళ్దామా?" అంది. నిజం చెప్పాలంటే ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. అక్కడికి మేం చూసిన వాటిలో అన్నిటికంటే పాతది ఆ గుడే.

పాతదనం గురించి ఇంకో మాట. అదే సౌత్ బ్రిడ్జ్ రోడ్డు మీద నాలుగడుగులు వేస్తే బుద్ధుడి దంత ధాతువు ఉందని చెప్పే ఆలయం వస్తుంది. ఎర్ర స్తంభాలు, ఒకదాని మీద ఒకటి పరుచుకున్న పెంకుల చూరులు. తాంగ్ వంశపు శైలి. టూరిస్టులందరూ అక్కడ గొంతు తగ్గించి, వెయ్యేళ్ళ నాటిది అన్నట్టు మొహం పెట్టి నడుస్తున్నారు. నేనూ పెట్టాను. బయటకొచ్చాక తెలిసింది, ఆ ఆలయం తెరిచింది 2007లో. మా అపార్ట్‌మెంట్ అంతకంటే రెండేళ్ళు పెద్దది, దాని ముందు ఇంతవరకు ఎవరూ గొంతు తగ్గించలేదు.

ఇక అసలు పేరు సంగతి. చైనాటౌన్ అని చైనీయులు అనరు. అనాల్సిన అవసరం వాళ్ళకేముంది? వాళ్ళు దాన్ని న్యూ చె షుయ్ అంటారు. తెలుగులో చెప్పాలంటే ఎద్దుబండి నీళ్ళు. మలయ్ భాషలో క్రేతా ఆయెర్, అదీ నీళ్ళబండే. కుళాయిలు లేని కాలంలో బావుల నుంచి పీపాలతో నీళ్ళు తెచ్చి ఎడ్లబండ్ల మీద ఈ పేటకి పోసేవాళ్ళు కాబట్టి ఆ పేరు. ఇది విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. ఆ లెక్కన మా నిజాంపేట, మణికొండ వైపు కాలనీలకి ఎంత చరిత్ర ఉందో చూడండి. ఫలానా హైట్స్, ఫలానా మెడోస్ అని పేర్లు పెట్టుకుని మనం ఆ చరిత్రని చేజేతులా చెరిపేసుకుంటున్నాం. ట్యాంకర్‌పేట అని ఒక్క బోర్డు పెడితే, ఇంకో రెండొందల ఏళ్ళకి ఎవడో తోడల్లుడి ఇంట్లో దిగి చూడ్డానికి వస్తాడు కదా.

సగ్గుబియ్యం సందు కూడా చూశాను. సేగో లేన్. ఒకప్పుడు అక్కడ సగ్గుబియ్యం తయారుచేసేవాళ్ళు. మా సామర్లకోట, పెద్దాపురం వైపు మిల్లులు గుర్తొచ్చి ఉత్సాహంగా వెళ్ళాను. సగ్గుబియ్యం తర్వాత ఆ సందుకి వచ్చిన పేరు వేరు. పై మేడల్లో ఇరుకు గదుల్లో ఉండే కూలీలకి చావు దగ్గరపడితే, గదిలో పోవడం అశుభమని ఈ సందులోకి తెచ్చేవాళ్ళు. పైన చావు కోసం ఎదురుచూసే మంచాలు, కింద శవపేటికలు, పూలు, కాగితపు బొమ్మల దుకాణాలు. 1961లో ఈ చావు ఇళ్ళని నిషేధించారు. ఇప్పుడా సందుకి ఒక పక్క దంతాలయం, ఇంకో పక్క భోజనాల కాంప్లెక్సు. దీని మీద జోకు వేద్దామని చాలాసేపు ప్రయత్నించాను. రాలేదు.

మొత్తానికి నా పరిశోధనలో తేలిన సిద్ధాంతం ఇది: వారసత్వానికి ప్రధాన శత్రువు అందులో నివసించే మనిషి. సింగపూర్ ప్రభుత్వం ఈ సంగతి మనకంటే చాలా ముందు పసిగట్టింది. ముందు మేడల్లో కిక్కిరిసి ఉన్న జనాన్ని లిఫ్టులున్న ప్రభుత్వ ఫ్లాట్లకి పంపింది. 1983లో రోడ్డు మీద అమ్ముకునేవాళ్ళని కాంప్లెక్సులోకి ఎక్కించింది. అప్పుడు వీధులు శుభ్రపడ్డాయి, ఎంత శుభ్రపడ్డాయంటే వాటిలో చూడ్డానికేమీ మిగల్లేదు. 1989లో ఆ పేటని పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించి, మేడలకి పిస్తా, గులాబి, లేత పసుపు రంగులు వేసి, "రండి, పాత జీవితం చూడండి" అంది. పాత జీవితం అప్పటికే ఆ ఫ్లాట్లకి వెళ్ళి, లిఫ్టులో పైకెక్కి, ఏసీ వేసుకుని పడుకుంది. నేను దానికి తప్పు పట్టను. నేనూ అలాగే పడుకున్నాను.

ఈ విషయంలో హైదరాబాద్ ఎంత వెనకబడి ఉందో తలుచుకుంటే సిగ్గేస్తుంది. లాడ్ బజారులో గాజులమ్మేవాడు ఇంకా గాజులే అమ్ముతున్నాడు. కొనేవాళ్ళు ఇంకా బేరమాడుతున్నారు. పెళ్ళిళ్ళకి నిజంగా ఆ గాజులే వేసుకుంటున్నారు. ఇలాగైతే అది వారసత్వం ఎప్పుడవుతుంది?

పగోడా స్ట్రీట్‌లోనే మూడు పాత మేడల్ని కలిపి మ్యూజియంగా మార్చారు. కింద దర్జీ దుకాణం, పైన కూలీలు, వడ్రంగులు, వాళ్ళ కుటుంబాలు ఉన్న గదులు. గదులంటే పలకలతో అడ్డం కొట్టిన గూళ్ళు. మంచం, మంచం కింద ట్రంకుపెట్టె, గోడకి చొక్కా, అందరికీ కలిపి ఒకటే వంటిల్లు. ఒక తెల్లావిడ నోటి మీద చెయ్యి పెట్టుకుని, "అయ్యో, ఇందులో ఎలా బతికారు?" అన్నట్టు మా వైపు చూసింది. నేను మాత్రం ఆ గూటి ముందు పరవశించి నిలబడిపోయాను. మంచం, మంచం కింద ట్రంకుపెట్టె, గోడకి చొక్కా. అమీర్‌పేటలో కోచింగ్ తీసుకునే రోజుల్లో మూడేళ్ళు నేనున్న గది అచ్చం అదే. తేడా ఒక్కటే, మా గదిలో మంచాలు నాలుగు. అప్పుడు నెలనెలా అద్దె కట్టాను, ఇప్పుడు దాన్నే చూడ్డానికి డాలర్లలో టికెట్టు కొన్నాను.

బయటకొస్తే సౌత్ బ్రిడ్జ్ రోడ్డు మీద గోడ నిండా ఒక బొమ్మ. ఎర్ర తలగుడ్డ చుట్టుకున్న సాంసుయ్ పడుచు. చైనాలో సాన్‌షుయ్ అనే చోటు నుంచి వచ్చి, ఈ నగరం కట్టడానికి ఇటుకలూ మట్టీ మోసిన ఆడకూలీలు వీళ్ళు. బొమ్మలో ఆవిడ తీరిగ్గా కూర్చుని ఉంది, వేళ్ళ మధ్య సిగరెట్టు. 2024లో ఈ సిగరెట్టు పెద్ద గొడవే తెచ్చింది. బొమ్మ ఆ ఆడకూలీలని అవమానించేలా ఉందని ఫిర్యాదు వస్తే, పొగతాగడాన్ని ప్రోత్సహిస్తుందన్న లెక్కలో ఆ సిగరెట్టు తీసేయమని అధికారులు చెప్పారు. జనం గోల చేశారు, వాళ్ళు నిజంగానే తాగేవాళ్ళు కదా అని. చివరికి సిగరెట్టు ఉండిపోయింది.

నాకు మాత్రం అధికారుల మీద జాలి వేసింది. ఎండలో ఇటుకలు మోయడం గోడ మీద వేసుకోవచ్చు, ఎవరి ఆరోగ్యానికీ హాని లేదు. మోసి మోసి కూర్చుని దమ్ము కొడితేనే చూసేవాళ్ళు చెడిపోతారు. మనవాళ్ళనడిగితే సులువుగా తేల్చేసేవాళ్ళు. సినిమా హాల్లో హీరో అగ్గిపుల్ల గీయగానే తెర మూలన ఒక లైను పడుతుంది చూడండి, అలాగే గోడ మూలన 'పొగతాగడం ఆరోగ్యానికి హానికరం' అని రాసేస్తే సరి. ఇటుకలు మోయడం గురించి ఏమీ రాయనక్కర్లేదు.

భోజనానికి చైనాటౌన్ కాంప్లెక్సుకి వెళ్ళాం. రెండొందలకి పైగా దుకాణాలు ఒకే అంతస్తులో. 2016లో ఇక్కడి సోయా సాస్ చికెన్ అన్నం దుకాణానికి, గొప్ప హోటళ్ళ వంటకి ఇచ్చే మిషెలిన్ స్టార్ ఇస్తే ప్రపంచమంతా క్యూ కట్టింది, తర్వాత ఆ స్టార్ పోయింది, క్యూ తగ్గింది. చికెన్ మాత్రం ఎప్పుడూ చికెనే అనుకుంటాను. మేం అక్కడిదాకా వెళ్ళలేదు, ఎందుకంటే నేను అప్పటికే ఒక అంతర్జాతీయ నేరం చేసి ఉన్నాను.

ఖాళీ బల్ల కనిపించింది. దాని మీద ఒక టిష్యూ పేపర్ల పొట్లం ఉంది. ఎంత మర్యాద గల ఊరు, చేతులు తుడుచుకోవడానికి బల్ల బల్లకీ పెట్టారు అనుకుని, చింపి, రెండు కాగితాలతో మొహం, ఒకదానితో మెడ తుడుచుకున్నాను. తల ఎత్తేసరికి చేతిలో నూడుల్సు ట్రేతో డెబ్భై ఏళ్ళ పెద్దావిడ నిలబడి ఉంది. నా మెడ వైపు చూస్తోంది. అక్కడ బల్ల మీద టిష్యూ పొట్లం పెట్టారంటే సీటు పట్టుకున్నారని అర్థమట. చోప్ చేయడం అంటారు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి పెరిగిన జాతిలో పుట్టి, పరాయి దేశంలో ఒకరి కర్చీఫ్‌తో మొహం తుడుచుకున్నాను. "సారీ ఆంటీ" అన్నాను. అక్కడా పెద్దవాళ్ళని ఆంటీ అనే అంటారు, అదొక్కటి కలిసొచ్చింది. ఆవిడ ఏదో అని, మిగిలిన పొట్లం కూడా నా వైపే తోసి, పక్కకి జరిగి మా ఇద్దరికీ చోటిచ్చింది. కాంప్లెక్సు బయట చౌకులో ముసలాళ్ళు చైనీస్ చదరంగం ఆడుకుంటుంటే, వాళ్ళ వెనక పదిమంది నిలబడి ఎత్తులు చెబుతున్నారు. మన రచ్చబండ దగ్గర పేకాటకి చెప్పినట్టే. వాళ్ళనెవరూ ఫొటో తీయడం లేదు.

ఆ పూటంతా నేను తీసినవి 214 ఫొటోలు. రాత్రి తోడల్లుడు తిరగేసి చూశాడు. లాంతర్ల కింద మేం, రంగు తలుపుల ముందు మేం, గుడి ముందు మేం, మా వెనక గుంటూరు నుంచి వచ్చిన ఇంకో గ్రూపు. "చైనీస్ వాళ్ళు ఏరి అన్నయ్యగారూ?" అన్నాడు. పదకొండేళ్ళుగా వెళ్ళనివాడితో వాదించడం నాకిష్టం లేదు.

కీచైన్లు కూడా కొన్నాం, మూడు పది డాలర్లకి. దాంతోపాటు ఎద్దుబండి మీద నీళ్ళపీపా ఉన్న ఫ్రిజ్ మ్యాగ్నెట్ ఒకటి. వెనక తిప్పి చూస్తే చైనాలో తయారైనట్టు రాసుంది. ఆ పూట నా చేతికి చిక్కిన అసలు సిసలు చైనా అదొక్కటే. ఇప్పుడది మా ఫ్రిజ్ తలుపు మీద ఉంది, దాని కింద వాటర్ ట్యాంకర్ కుర్రాడి ఫోన్ నంబరు చీటీ. అయస్కాంతం కాస్త వీకు, రోజుకి రెండుసార్లు కింద పడుతోంది. మే నెల దాటేదాకా నిలబడితే చాలునంటోంది మా ఆవిడ.