మాస్ట్రోకి శాలువా, మేస్త్రికి సిమెంటు బస్తా

మళ్ళీ అన్నాడు. మా కాలనీ భాషా ఉత్సవంలో మైకు అందుకున్న పెద్దమనిషి రెండో నిమిషం కూడా దాటనివ్వకుండా "మన తెలుగు ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్" అనేశాడు, అది కూడా ఇంగ్లీషులో. చప్పట్లు. పదిహేనో శతాబ్దంలో విజయనగరం చూసిపోయిన వెనిస్ వర్తకుడు నికోలో డీ కాంటీ అన్నాడట. ఏ పుస్తకంలో, ఏ పేజీలో అని అడిగామనుకోండి, మనం భాషాద్రోహులం.

ఈ మాట అంటూ ఆయన నుదుటి చెమట తుడుచుకున్నది తువ్వాలుతో. అది పోర్చుగీసు. విప్పుకున్న చొక్కా బొత్తాం పోర్చుగీసు. ఆయన ఇంట్లో షీల్డులు పేర్చుకున్న అల్మారా, స్నానానికి నీళ్ళు పట్టుకునే బాల్చీ, అన్నీ ఆ ఓడ దిగినవే. ఇక మన ఇళ్ళలోకి వచ్చిన ఇటాలియన్ అంటారా? పిజ్జా, పాస్తా.

సరే, ఆయన కోరికే తీరుద్దాం. రేపు పొద్దున్నుంచి పోర్చుగీసు మాటలు తీసేసి ఇటాలియన్ మాటలు పెట్టుకుందాం. ఆయన బాత్రూంలోంచి తువ్వాలు అడుగుతారు. పోర్చుగీసు తొఆల్యాకి ఇటలీలో ఉన్న చుట్టం తొవాల్యా, కాకపోతే అక్కడ దానర్థం భోజనాల బల్ల మీద పరిచే గుడ్డ. కాబట్టి సారు పప్పు మరకల గుడ్డ చుట్టుకుని బయటికొస్తారు. చొక్కాకి కాజాలు కుట్టించాలి. పోర్చుగీసులో కాజా అంటే ఇల్లూ, బొత్తానికి ఇల్లూ కూడా, ఎంత ముద్దుగా ఉంది! ఇటాలియన్‌లో మాత్రం ఉత్త ఇల్లే. దర్జీ పునాది తవ్వడం మొదలుపెడతాడు. ఈలోగా టిఫిను. ఇడ్లీ మీదికి ఇటాలియన్‌లో బుర్రో అడిగితే వెన్న. వడ్డించేది లిస్బన్ ఆవిడ అయిందా, ఇడ్లీ మీదికి గాడిద అడుగుతున్నాడేమిటని హడలిపోతుంది, ఎందుకంటే వాళ్ళ బుర్రో అదే. అయినా పాపం ఏదో సర్ది పెడుతుంది. ఈయన తిని, మర్యాద కోసం స్క్విజితో అంటారు, అంటే ఇటలీలో అద్భుతమైన రుచి. ఆవిడ చెవికి అది ఎస్కిజితో, అంటే 'వింతగా ఉంది'. ప్లేటు లాగేసుకుంటుంది. బొడ్డు దగ్గర టేబుల్ గుడ్డ పట్టుకుని, బొత్తాలు పెట్టుకోలేక, ఖాళీ కడుపుతో ప్రాచ్య ఇటాలియన్ గారు సభకి బయల్దేరతారు.

ఇటాలియన్‌కి ఒక మార్కు నేనే ఇస్తాను. వాళ్ళ లునెది చంద్రుడిది, మనకి సోమవారం. మర్తెది కుజుడిది, మనకి మంగళవారం. అలా శుక్రవారం దాకా గ్రహాలు అచ్చం కలుస్తాయి. పోర్చుగీసువాళ్ళేమో సోమవారాన్ని రెండోది, మంగళవారాన్ని మూడోది అని రేషన్ క్యూలా లెక్కపెడతారు. ఇంత చక్కటి పోలిక ఉంటే వేదిక మీద ఒక్కడైనా చెప్తాడా? వీళ్ళకి తెలిసిందల్లా మాటలు అచ్చులతో ముగుస్తాయని, అంతే.

అసలు నా మంట వేరు. ఎనిమిదో తరగతిలో నేను "సార్, అల్మారా చాబీ" అన్నాను. క్లాసంతా నవ్వింది. సారు కూడా నవ్వి, "తెలుగులో ఏడువు, అల్మారా తాళంచెవి అనాలి" అన్నాడు. అల్మారా అర్మారియో, చాబీ షావె, రెండూ పోర్చుగీసే! ఒకటి ఆయన ఇంట్లో ఉంది కాబట్టి తెలుగైంది, ఇంకోటి మా అమ్మ నోట్లో ఉంది కాబట్టి ఏడుపైంది. నేను ఆ ఏడాదంతా క్లాసులో నోరు విప్పలేదు. పోర్చుగీసువాళ్ళేం సాధువులు కారు, గోవాలో వాళ్ళు చేసిన ఘోరాలు తెలిసినవే. కానీ వాళ్ళ మాటల్ని మోసుకొచ్చి నిలబెట్టింది దర్జీలు, తాపీపనివాళ్ళు, వంటింటి ఆడవాళ్ళు, వాళ్ళ నోటిని వెక్కిరించే హక్కు మీకెవడిచ్చాడు? ఇటాలియన్ గొప్పదెందుకయ్యా అంటే, మీ వీధిలో దాన్ని మాట్లాడే కూలీ లేడు గనక! ఒకే లాటిన్ మాట ఇటలీలో మాస్ట్రో అయింది, పోర్చుగల్లో మెస్త్రె అయింది. మొదటిది మన దగ్గర సంగీత దర్శకుడి బిరుదు, రెండోది ఇటుకలు పేర్చే మేస్త్రి.

అన్నట్టు, ఆ సభావేదిక కట్టిన మేస్త్రికి ఇంకా రెండు వేలు బాకీ ఉందట. ఈసారి మాస్ట్రో అని పరిచయం చేసుకుని అడిగి చూడమన్నాను.