కిలోమీటరు రాళ్లు జరపండి

ఆంధ్రా-ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ఒక వర్గం ప్రజలకు తీరని అన్యాయం జరుగుతోంది. రాయగడలోనూ, కోరాపుట్‌లోనూ, జయపురంలోనూ ఈఎంఐలు కట్టుకుంటూ థార్ జీపు కొని, దానికి లక్ష పైచిలుకు పోసి పెద్ద టైర్లు వేయించుకున్న మన తెలుగువాళ్లను పట్టుకుని, "టైరుకు తగ్గట్టు స్పీడు మీటరు కేలిబ్రేషన్ చేయించారా?" అని అడిగేవాళ్లు ఎక్కువైపోయారు. టైరు చూసి "అబ్బ!" అనాల్సింది పోయి మీటరు గురించి ఆరా తీయడం ఏం సంస్కారం?

అసలు గొడవ ఏమిటంటే, కంపెనీ ఇచ్చిన 245/75 ఆర్16 సైజు టైరు ఎత్తు లెక్క ప్రకారం 774 మిల్లీమీటర్లు. దాన్ని పీకేసి 285/75 ఆర్16 వేస్తే 834. చక్రం ఒక చుట్టు తిరిగితే ఇదివరకు బండి 2.43 మీటర్లు కదిలేది, ఇప్పుడు 2.62 కదులుతుంది. ఈ సంగతి మీటరుకు ఎవరూ చెప్పలేదు. అది పాపం చుట్లు లెక్కపెట్టుకుని, ఫ్యాక్టరీలో నేర్పిన చుట్టుకొలతతో హెచ్చవేసి చూపిస్తుంది. దాంతో మీటరు 80 అంటుంటే బండి లెక్క ప్రకారం 86లో పోతుంది. మీటరు నిజం కన్నా తక్కువ చూపకూడదన్న నిబంధనకు భయపడి కంపెనీలు కాస్త ఎక్కువే చూపేలా పెడతాయి కానీ, ఆ కాస్తనీ కొత్త టైరు మొదటిరోజే మింగేస్తుంది. మా వీధి కాంట్రాక్టరు గారి తల్లి పక్క సీట్లో కూర్చుని, మీటరు 80 చూపుతుండగా ఫోన్లో జీపీఎస్ చూసి, "ఒరే, ఇందులో 84 అని చూపిస్తోందిరా" అన్నారట. "ఆకాశంలో తిరిగేదానికి మన సుంకి ఘాట్ సంగతి ఏం తెలుస్తుందమ్మా" అని ఆయన జవాబు.

పైగా తప్పు మీటరు వల్ల లాభాలే ఎక్కువ. బండి 10,775 కిలోమీటర్లు తిరిగితే 10,000 అనే పడుతుంది. ఆయిల్ మార్చే రోజు వాయిదా పడుతుంది. రేపు అమ్మేటప్పుడు "తక్కువ తిరిగిన బండి" అని గుండె మీద చెయ్యేసుకుని చెప్పొచ్చు. నష్టమల్లా మైలేజీ దగ్గర. మీటరు దూరాన్ని తక్కువ లెక్కేస్తుంది కాబట్టి లీటరుకు వచ్చే కిలోమీటర్లూ తక్కువే తేలతాయి. బరువు టైర్ల వల్ల నిజంగా పడిపోయేది కొంత, మీటరు మింగేది కొంత. కానీ కాంట్రాక్టరు గారు తప్పంతా బంకు వాడి మీద పెట్టారు. ఒడిశాలో డీజిల్ చవకని ఆంధ్రా వైపు బండ్లన్నీ ఇటొచ్చి నింపుకుంటుంటే, ఆయన ఒక్కరే స్వచ్ఛమైన డీజిల్ కోసం పార్వతీపురం వెళ్తున్నారు.

వెనకటి జీపులకు ఇంత బాధ లేదు. మీటరుకు కేబులుండేది. దాని చివర, గేర్‌బాక్సు దగ్గర, బొటనవేలంత ప్లాస్టిక్ పళ్లచక్రం. టైరు పెద్దదైతే మెకానిక్ దాన్ని లాగి, గ్రీజు తుడిచి, వెలుతురుకు పట్టి పళ్లు లెక్కపెట్టి, పళ్లు తక్కువున్నది వేసేవాడు. కేబులు కాస్త వేగంగా తిరిగేది, మీటరు దారికొచ్చేది. ఇప్పుడు స్టీరింగు కింద సాకెట్‌లో ల్యాప్‌టాప్ పెట్టి కంప్యూటరులో టైరు సైజు మార్చాలి. కొన్ని బండ్లు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. షోరూంలో అడిగితే, ముందు ఆ టైర్లు తీసి రమ్మంటారు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను కంపెనీ ఇచ్చిన రూపానికి తేడా వచ్చేలా బండిని మార్చొద్దంటుంది. ఆ సెక్షను రాసినవాళ్లు దేవమాలి కొండ దగ్గర బండి ముందు నిలబడి ఫొటో దిగి ఉండరు.

కాబట్టి నా ప్రతిపాదన. మీటర్ల జోలికి పోకుండా కిలోమీటరు రాళ్లను జరపాలి. సాలూరు నుంచి కోరాపుట్ వెళ్లే 26వ నంబరు జాతీయ రహదారి పక్కన మొదటి రాయిని 77.5 మీటర్లు, రెండోదాన్ని 155 మీటర్లు, అలా జరుపుకుంటూ పోతే సరి. ఊళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి, దూరం తగ్గుతుంది. తగ్గించింది మేమేనని రెండు రాష్ట్రాల మంత్రులూ చెప్పుకోవచ్చు. ఇదేమీ వింత కాదు. రెండు రాష్ట్రాలూ మావేనంటున్న కొటియా గ్రామాల తగాదా మీద ఒడిశా 1968లో సుప్రీంకోర్టుకెక్కింది, ఇంకా తెగలేదు. అక్కడ చాలామందికి రెండు రాష్ట్రాల ఓటరు కార్డులూ ఉన్నాయి. ఒకే ఊరు రెండు రాష్ట్రాల్లో ఉండగా లేని తప్పు, ఒకే రోడ్డుకు రెండు పొడవులుంటే వచ్చిందా?

కొండ ఎక్కడం సంగతి అడక్కండి. చక్రం పెద్దదైతే ఇంజనుకు ప్రతి గేరూ బరువే. రెండో గేరులో ఎక్కే మలుపు ఒకటో గేరు అడుగుతోంది. దీనికి మందు ఇరుసులో ఉండే పళ్లచక్రాల జత, క్రౌన్ పినియన్, మార్చడం. ఆ ఖర్చు చెప్పాక కాంట్రాక్టరు గారు, "నిదానంగా ఎక్కితే ప్రకృతి కనిపిస్తుందండీ" అన్నారు.

ఇంతా చేసి ఆయన కొన్నవి నాలుగే టైర్లు. వెనకాల వేలాడే స్టెప్నీ పాత సైజుదే. మొన్న పొట్టంగి దగ్గర పంక్చరైతే దాన్నే బిగించారు. బండి ఒక మూలకు మూడు సెంటీమీటర్లు కుంగింది. ఆ చిన్న చక్రం మిగతావాటి కన్నా వడివడిగా తిరుగుతుంటే సెన్సార్లకు అనుమానమొచ్చి బ్రేకుల ఏబీఎస్ లైటు వెలిగింది. మెకానిక్‌కు ఫోన్ చేస్తే, "ఏటి బాబూ, నాలుగు చక్రాలూ లాగే ఫోర్ బై ఫోర్ మాత్రం వేసీకండి, గేర్లు పట్టేస్తాయి" అన్నాడు. కాంట్రాక్టరు గారు బండి పక్కకు ఆపి, పర్సులోంచి రాయగడ మజ్జిగౌరమ్మ స్టిక్కరు తీసి, సరిగ్గా ఆ లైటు మీద అంటించి, అగరుబత్తి కోసం కొట్టు వెతుక్కుంటూ వెళ్లారు.