కణవిభజనకే పరిమితం కాని కైనేజ్ కుటుంబం

సైక్లిన్ ఆధారిత కైనేజ్‌లన్నీ కణవిభజనను నడిపే ఎంజైములేనని నేను చదివిన ఒక వ్యాసంలో ఒక్క వాక్యంతో తేల్చేశారు. కైనేజ్ అంటే ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైము; సైక్లిన్ అనే ప్రోటీన్ అతుక్కుంటే పనిచేసేవి కాబట్టి వీటికి ఆ పేరు. మనిషిలో ఇవి 20 ఉన్నాయి, వీటిని సంఖ్యలతోనే పిలుస్తారు. వాటిలో కణచక్రాన్ని, అంటే కణం పెరిగి రెండుగా విడిపోయే క్రమాన్ని నేరుగా నడిపేవి ముఖ్యంగా 1, 2, 4, 6 సంఖ్యలవే. 9వది ఆర్ఎన్ఏను తయారుచేసే ఎంజైమైన ఆర్ఎన్ఏ పాలిమరేజ్-2 తోకకు ఫాస్ఫేట్లు తగిలించి జన్యువుల లిప్యంతరీకరణను, అంటే జన్యు సమాచారాన్ని ఆర్ఎన్ఏగా రాసే పనిని ముందుకు నడుపుతుంది. 7వది ఆ పనితోపాటు కణచక్ర కైనేజ్‌లను క్రియాశీలం చేసే పనీ చూసుకుంటుంది. 5వదైతే పేరుకే సైక్లిన్ ఆధారితం. నాడీకణాల్లో దాన్ని మేల్కొలిపే పి35 అనే ప్రోటీన్ అసలు సైక్లినే కాదు.

పరిణామం సంగతికొస్తే, ఈస్ట్‌లో కణచక్రం మొత్తాన్ని ఒకే కైనేజ్ నడుపుతుంది. ఆ జన్యువు దెబ్బతిన్న ఈస్ట్ కణాల్లో దానికి సమానమైన మానవ జన్యువును ప్రవేశపెడితే అవి మళ్లీ విభజన చెందాయని 1987లో మెలనీ లీ, పాల్ నర్స్ చూపించారు. అంతకన్నా నన్ను ఆశ్చర్యపరిచింది 2007 నాటి ఎలుకల ప్రయోగం: 2, 3, 4, 6 సంఖ్యల కైనేజ్‌లు లేకపోయినా పిండాలు గర్భకాలం మధ్య వరకు పెరిగాయి, అంటే 1వది ఒక్కటే అన్ని దశలనూ లాక్కొచ్చిందన్నమాట.

ఈ కైనేజ్‌లు ఎలా క్రియాశీలమవుతాయన్నది కూడా వ్యాసకర్త సగమే చెప్పారు. సైక్లిన్ వచ్చి అతుక్కున్నప్పుడు కైనేజ్‌లోని ఒక హెలిక్స్ (మెలితిరిగిన భాగం) లోపలికి తిరిగి, ఫాస్ఫేట్‌ను అందించే ఏటీపీ అణువును పట్టుకునే చోటును సరిచేస్తుంది గానీ, 2వ కైనేజ్‌లోని 160వ స్థానంలో ఉన్న థ్రియోనిన్ అనే అమైనో ఆమ్లానికి ఫాస్ఫేట్ చేరితేనే అది పూర్తి స్థాయిలో పనిచేస్తుంది. రొమ్ము క్యాన్సర్‌కు వాడే పాల్బోసిక్లిబ్ అనే మందు 4, 6 సంఖ్యల కైనేజ్‌లనే ప్రధానంగా అడ్డుకునేలా రూపొందింది కాబట్టి, కుటుంబం మొత్తాన్ని ఒకే గాటన కట్టడం సరికాదు.