మైనం లోపలి మనిషి గురించి కూడా రాయండి

ఇటలీ మ్యూజియాల్లో మనిషి శరీరం లోపలి భాగాలు చూపించే పాత మైనపు నమూనాల ఫొటోలు ఎవరు పెట్టినా అందరూ పొగిడేది శిల్పి పనితనాన్నే. అందులో తప్పులేదు. కానీ ఆ మైనం వెనకాల మనుషులున్నారు. వాళ్ల సంగతేంటి?

బొలోన్యాలో 1740ల్లో ఎర్కోలే లెల్లి చేసిన చర్మం వలిచిన నిలువెత్తు బొమ్మలే చూడండి. కండలు మైనంతో చేశాడు, లోపలి ఎముకలు మాత్రం నిజం మనుషులవి. ఫ్లోరెన్స్‌లో ఉన్న, జుంబో అనే శిల్పి చేసిన తల ఇంకా ఘోరం. కుళ్లడం మొదలైన ముసలాయన ముఖం, రంగు మారిన చర్మం. మైనం కింద ఉన్నది అసలు పుర్రె.

నేను సీటీ స్కాన్ విభాగంలో పనిచేస్తాను. ఇలాంటి బొమ్మల్ని స్కాన్ చేస్తే మైనం కొవ్వులాగా నల్లగా కనబడుతుంది, ఎముక తెల్లగా మెరుస్తుంది. లోపల ఇనుప కమ్మీ ఉంటే దాని చుట్టూ గీతలు పడతాయి. పాదరసం ఉండే ఇంగిలీకం రంగు కలిపినచోటు కూడా వేరుగా తెలిసిపోతుంది. ఈ పేషెంటుకి ఊపిరి బిగపట్టమని చెప్పక్కర్లేదు, రేడియేషన్ డోస్ టెన్షన్ లేదు. కావలసినంత సన్నటి స్లైసులు తీసుకోవచ్చు. అరిగిన పళ్లు, పుర్రె అతుకులు చూసి వయసు అంచనా వేయొచ్చు. విరిగి అతుక్కున్న ఎముకా బయటపడుతుంది. పగిలిన బొమ్మకి రిపేరు చేసేవాళ్లు కూడా ముందు స్కాన్ తీయించాలి. కమ్మీ ఎక్కడుందో తెలియకుండా మైనం మీద చెయ్యి ఎలా వేస్తారు?

బొలోన్యాలోనే శిల్పి క్లెమెంటె సుజీని 1782లో చేసిన 'వెనెరీనా' (బుల్లి వీనస్) అనే మైనపు బొమ్మ ఉంది. మెడలో ముత్యాల హారంతో పడుకున్న అమ్మాయి. ఆమె గుండెను అనాటమీ నిపుణులు జాగ్రత్తగా పరిశీలిస్తే, పుట్టగానే మూసుకోవాల్సిన రక్తనాళం తెరిచే ఉంది. రెండు జఠరికల (గుండె కింది గదుల) గోడలూ, మామూలుగా ఉండాల్సిన తేడా లేకుండా, ఒకే మందాన ఉన్నాయి. ఇది శిల్పి ఊహించి చేసేది కాదు. ఎవరో ఒక అమ్మాయి ఆ జబ్బుతోనే పోయి ఉండాలి, ఆమె గుండెను ఉన్నదున్నట్టు మైనంలోకి దించి ఉంటాడు. నాకైతే అది కేస్ షీటే. వీనస్ అని ముద్దుపేరు పెట్టి మురిసిపోతే ఆ అమ్మాయి కష్టం కనబడకుండా పోతుంది.

ఫ్లోరెన్స్‌లోని లా స్పెకోలా మ్యూజియం నమూనాల కోసం శాంతా మరియా నువోవా ఆసుపత్రి నుంచి శవాలు తెచ్చేవారు. బతికుండగా వాళ్లను ఎవరూ అనుమతి అడిగి ఉండరు. వాళ్ల పేర్లు ఇప్పుడు ఏ స్కాన్‌తోనూ తెలియవు. అందుకే తెలిసినంతైనా రాయాలంటున్నాను. స్కాన్‌లో తేలింది పరిశోధకుల ఫైళ్లలో పెట్టుకుంటే సరిపోదు. గాజుపెట్టె మీది లేబుల్‌లో శిల్పి పేరు పక్కనే, అదే సైజు అక్షరాల్లో, లోపలున్న ఎముకలు ఆడమనిషివా మగమనిషివా, సుమారు ఏ వయసు, ఏ జబ్బు గుర్తులున్నాయో రాయండి.