చెరువుగట్టు ఇనుప గేటు గారికి సైకిలువాడి విన్నపం

మహారాజశ్రీ గేటు గారి దివ్యసముఖానికి,

ఎదురు వీధిలో అద్దెకుండే సైకిలువాడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. మీ కుశలానికేం లోటు లేదు, ఈమధ్యే ఆకుపచ్చ పెయింటు కూడా వేయించుకున్నారు. నా సంగతే కాస్త తేడాగా ఉంది. ఎడమచేతి మెటికలు గీరుకుపోయాయి, బ్రేకు లివరు వంగింది, ఆదివారం సాయంత్రం వాకింగుకొచ్చిన జనమందరి ముందూ పరువు పోయింది.

బెంగళూరు వాళ్లకు మిమ్మల్ని పరిచయం చేయక్కర్లేదు, ఏ చెరువుకెళ్లినా మీ అన్నదమ్ములో బాబాయిలో కాపలా ఉంటారు. రెండు పైపులు వంచి ఎదురెదురుగా పాతారు, కింద వెడల్పు, నడుము దగ్గరికొచ్చేసరికి ఇరుకు, అడుగున బెత్తెడు సిమెంటు గడప. మిమ్మల్ని పెట్టినవాళ్ల ఉద్దేశం మంచిదే, కాదనను. గట్టు మీదికి బండ్లు రాకూడదు, అంతే కదా. పక్కన బోర్డు మీద కూడా మోటారు బైకు బొమ్మ గీసి దాని మీద ఎర్రగీత కొట్టారు, సైకిలు ఊసే లేదు. లోపల ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క కానుగ చెట్లు, మధ్యలో మట్టిదారి. ఈ ఊళ్లో కారు హారను వినబడకుండా పిల్లకు సైకిలు నేర్పాలంటే ఇంకెక్కడికి పోవాలి చెప్పండి?

పాప సైకిలు చిన్నది కాబట్టి సర్రున దూరిపోయింది. "నాన్నా, రా!" అని ఒక కేక పెట్టి వెనక్కి చూడకుండా తొక్కుకుంటూ పోయింది. నా హ్యాండిలు మాత్రం మీ రెండు పైపుల మధ్య అడ్డంగా ఇరుక్కుంది. ముందుకు తోస్తే పోదు, వెనక్కి లాగితే రాదు, బ్రేకు వైరు ఎక్కడో పట్టుకుంది. అటు చూస్తే పిల్ల గులాబీ రంగు హెల్మెట్టు గట్టు మలుపు దాకా వెళ్లిపోయింది, అక్కడ కంచె ఊడిపోయి నీళ్లు రెండడుగుల దూరంలో ఉంటాయని నాకు తెలుసు. ఆ టెన్షన్‌లో నేనుంటే వెనకనుంచి హారను. తిరిగి చూస్తే స్కూటరు, కాళ్ల దగ్గర పాల ప్యాకెట్ల సంచి, హ్యాండిలుకు కొత్తిమీర కట్టలు. "స్వల్ప సైడ్ కొడి సార్" అన్నాడాయన, ఎంతో మర్యాదగా.

సైడు ఇచ్చాను. చేసేదేముంది? సైకిలు వెనక్కి పీకి పక్కకు జరిగాను. ఆయన కాస్త ఎడమకు, కాస్త కుడికి తిప్పి, గడప దగ్గర ఒక్కసారి రేజ్ చేసి, మీ పొట్టలోంచి దర్జాగా బయటపడి గట్టు మీద తుర్రుమన్నాడు. అవతలి లేఅవుటుకు అదే షార్ట్‌కట్ అట.

అక్కడ కాపలా ఉండే సెక్యూరిటీ అన్న సొంతూరు కదిరి. నా తెలుగు తిట్లు విని వచ్చాడు, పాపం. "ముందు చక్రం పైకెత్తల్ల సార్, ఎనక చక్రం మీద నిలబెట్టి నడిపించల్ల. అందురూ అట్లే పోతారు" అని నేర్పించాడు. సర్కసు ఎలుగుబంటిని నడిపించినట్టు సైకిలును రెండు చేతులా పట్టుకుని లోపలికి తీసుకెళ్లాను. పిల్ల మలుపు దగ్గర ఆగి కొంగల్ని చూస్తోంది, బతికిపోయాను.

రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే టేపు పట్టుకుని మీ దగ్గరికి వచ్చాను, గుర్తుందా? వాకింగు అంకుల్స్ నన్ను కార్పొరేషన్ ఇంజనీరు అనుకుని వీధిలైట్ల గురించి ఫిర్యాదులు కూడా చేశారు. మీ నడుము దగ్గర ఖాళీ 72 సెంటీమీటర్లు. మామూలు స్కూటరు హ్యాండిలు దాదాపు 70 సెంటీమీటర్లుంటుంది. ఇప్పుడు అమ్ముతున్న మౌంటెన్ బైకుల హ్యాండిళ్లు 74 నుంచి 78 దాకా ఉంటున్నాయి, రాళ్లదారిలో పట్టు ఉండాలని అంత వెడల్పుగా చేస్తారు. అంటే వంద కిలోలకు పైగా బరువుండి, పెట్రోలు తాగి, పొగ వదిలేదాన్ని మీరు రానిస్తారు, పదిహేను కిలోల సైకిలును ఆపుతారు. ఇంజను ఉన్నదాన్నీ లేనిదాన్నీ వెడల్పు చూసి విడదీయగలనని మీకు ఎవరు చెప్పారండీ? లేకపోతే అడ్డుకుంటున్నట్టు కనిపిస్తే చాలు, ఎవరిని అడ్డుకున్నా ఒకటేననా?

ఇది మన ఊరి తెలివి మాత్రమే అనుకోకండి, మీ చుట్టాలు దొరల సీమలోనూ ఉన్నారు. ఇంగ్లండులో నదుల పక్కన, అడవుల్లో, పాత రైలు పట్టాలు తీసేసిన చోట సైకిలు దారులు వేశారు. బ్రిస్టల్ నుంచి బాత్ దాకా అలాంటి దారే ఉంది, దాదాపు 21 కిలోమీటర్లు. ఆ దేశమంతటా ఉన్న ఇలాంటి దారుల సంగతి చూసే సస్ట్రాన్స్ అనే సంస్థ 2018లో లెక్క తీస్తే మీలాంటి అడ్డంకులు 16 వేల పైచిలుకు తేలాయి. మోటారు బైకుల్ని ఆపడానికని పెట్టినవి వీల్‌చైర్లనీ, మూడు చక్రాల సైకిళ్లనీ, పిల్లల బండి తగిలించుకున్న తల్లుల్నీ ఆపుతున్నాయని వాళ్లే ఒప్పుకుని, తీసేయాలి లేదా మార్చాలి అన్నారు. 2020లో వాళ్ల ప్రభుత్వం సైకిలు దారులకు ఇచ్చిన మార్గదర్శకాల్లో, స్తంభాలు పెట్టక తప్పకపోతే మధ్యలో కనీసం మీటరున్నర వదలమని ఉంది. మీటరున్నర! మీది అందులో సగం కూడా లేదు.

మా బావమరిది జర్మనీలో ఉంటాడు. డాన్యూబ్ నది ఒడ్డున పస్సావులో సైకిలెక్కి వియన్నాలో దిగానని గ్రూపులో ఫోటోలు పెట్టాడు, 300 కిలోమీటర్ల పైమాట. ఒకప్పుడు గుర్రాలతో పడవల్ని లాగించిన ఒడ్డు దారులే చాలాచోట్ల ఇప్పుడు సైకిలు దారులయ్యాయట. మా అత్తగారు ఆ ఫోటోలు చూసి "నువ్వూ తొక్కుతావుగా అల్లుడూ, ఎక్కడిదాకా వెళ్తావు?" అనడిగారు. గేటు దాకా అండీ అన్నాను.

బెంగళూరుకు నది ఏదీ అని అడ్డు తగలకండి. వృషభావతి బసవనగుడి నంది పాదాల దగ్గర పుట్టిందంటారు, ఇప్పుడు మైసూరు రోడ్డు పక్కన ముక్కు మూసుకుని దాటాల్సిన నీళ్లు, సరే, దాన్ని వదిలేయండి. కానీ ఈ ఊళ్లో చెరువులన్నీ గొలుసులు. పై చెరువు నిండితే రాజకాలువ గుండా కింది చెరువులోకి నీళ్లు దిగాలి, అలా దిగుతూ దిగుతూ కొన్ని గొలుసులు బెళ్లందూరు చెరువు దాకా. కాలువ ఉన్న చోట గట్టు ఉంటుంది, గట్టు ఉన్న చోట దారి ఉంటుంది. మెజెస్టిక్ దగ్గర మొదలయ్యే కె-100 కాలువ పక్కన నడకదారి వేశారు కూడా. ఆ కాలువగట్లన్నీ కలిస్తే ఇంటి నుంచి ఆఫీసుకు సిల్క్‌బోర్డు జంక్షను ట్రాఫిక్ మొహం చూడకుండా పోవచ్చు. ఎవరూ కొండలు తవ్వక్కర్లేదు, నీళ్లకు దారి తెలుసు, వాటి వెంట పోతే చాలు. కలపకపోగా ప్రతి గట్టుకూ రెండు కొసలా మిమ్మల్ని దింపారు.

మిగతావాళ్ల ఘనత కూడా మీ దగ్గర చెప్పుకుంటే పోతుంది. 2020లో అవుటర్ రింగ్ రోడ్డు అంచున సైకిళ్లకని స్తంభాలు పాతి దారి విడదీశారు, కొన్నాళ్లకు స్తంభాలు విరిగాయి, దారిలో ఆటోలు నిలబడ్డాయి. కబ్బన్ పార్కులో ఆదివారం కార్లు ఉండవు, మంచిదే, కానీ అక్కడికి చేరే దారిలో ఉన్న కార్లన్నిటినీ దాటుకుని ముందు ప్రాణాలతో చేరాలి. అందుకే మా అపార్టుమెంటులో ఒకాయన కార్లు లేని చోట సైకిలు తొక్కడానికి సైకిలును కారు వెనక కట్టుకుని పోతాడు. తురహళ్లి అడవిలో ఎర్రమట్టి దారులకూ అదే వరస, మా వైపు నుంచి కనకపుర రోడ్డు ఎక్కనిదే చేరలేం. ఆ అడవిలో 2021లో ట్రీపార్కు కడతామంటే జనం రోడ్డెక్కి వద్దన్నారు. ఉన్న చెట్లు చాలవని చెట్ల పార్కు!

ఇంతసేపూ మర్యాదగానే రాశాను. ఇక మా వల్ల కాదు.

రోజూ సాయంత్రం ఒక ముసలావిడను వీల్‌చైర్లో కొడుకు తీసుకొస్తాడు, చూశావా? చూడకేం, నీ ముందే ఆగుతారు. నీ గడప ఎక్కించలేక, నీ పైపుల్లో పట్టించలేక, ఆవిణ్ణి నీకు అవతలే నిలబెట్టి, పైపుల సందులోంచి చెరువు చూపిస్తాడు. పది నిమిషాలు చూసి వెళ్లిపోతారు. ఈలోగా స్కూటర్లు ఆవిడ చీరకు రాసుకుంటూ నీలోంచి లోపలికీ బయటికీ తిరుగుతుంటాయి. ఆమె అడ్డమా నీకు? సిగ్గు లేదూ? బండ్లను ఆపడానికి కదా నిన్ను పాతింది, ఆ ఒక్క పనీ చేతకానప్పుడు ఎందుకు నిలబడ్డావక్కడ? కదిరి అన్నకు ఒక కుర్చీ, ఒక విజిలు, స్కూటరు నంబరు రాసుకునే పుస్తకం ఇచ్చి, ఫైను నిజంగా వసూలు చేస్తే నీ అవసరమే లేదు. నీకు పెట్టిన ఇనుము ఖర్చుతో ఆ మలుపు దగ్గర కంచె కట్టించొచ్చు.

ఆయుధపూజ వస్తోంది. పోయినేడు నీకు రెండు పక్కలా అరటిపిలకలు కట్టారు, ఉన్న ఖాళీ కూడా పోయి మూడు రోజులు మనుషులే పక్కకు తిరిగి దూరారు, స్కూటర్లు మాత్రం పిలకల్ని విరగ్గొట్టుకుని పోయాయి. ఈసారి పూజ ఖర్చు నాది. కుంకం, నిమ్మకాయలు, బూడిద గుమ్మడికాయ అన్నీ తెస్తాను. గుమ్మడికాయ రోడ్డు మీద కొడితే బైకువాళ్లు జారిపడతారు కాబట్టి, నీ నెత్తిన కొడతాను.

ఇట్లు,
72 సెంటీమీటర్లలో పట్టని
ఒక సైకిలువాడు