నీ వంతు వచ్చేదాకా శత్రువు ఆగుతాడా?

ఆర్పీజీలంటే ఓ పాత్రని నడిపిస్తూ కథలో ముందుకెళ్ళే వీడియో ఆటలు. వాటిల్లో ఫైటు రెండు రకాలు. ఒకటి టర్న్ బేస్డ్: నువ్వో దెబ్బ వేశాక శత్రువో దెబ్బ వేస్తాడు, నీ వంతు వచ్చినప్పుడు గంటసేపు ఆలోచించినా ఎవరూ అడగరు. రెండోది రియల్ టైమ్ యాక్షన్: శత్రువు ఆగడు, కొట్టడమూ తప్పించుకోవడమూ అన్నీ నీ వేళ్ళ మీదే. ఏది గొప్పదన్న తగువు ఈనాటిది కాదు. పాలకొల్లుకీ నరసాపురానికీ మధ్య ఓ ఊళ్ళో, మా పెద్దమ్మగారి పిల్లలిద్దరికీ పండగొస్తే ఇదే పని. అన్నయ్య రొయ్యల చెరువులు చూసుకుంటాడు, యాక్షన్ పక్షం. చెల్లి భీమవరంలో ఇంజనీరింగ్ చదివి, ఇంట్లోంచే హైదరాబాద్ కంపెనీకి పని చేస్తోంది, టర్న్ బేస్డ్ పక్షం. నేను చెల్లి వైపు కాస్త మొగ్గుతాను. ఆ సంగతి ముందే చెప్పేస్తే మీరు దానికి తగ్గట్టు చదువుకోవచ్చు.

అన్నయ్య: సూటిగా అడుగుతానమ్మడూ. కత్తి కట్టి బరిలో వదిలాక, ఎదుటి కోడి "ఇప్పుడు నీ వంతు, కానీ" అని రెక్కలు ముడుచుకుని నిలబడుతుందా? మీ ఆటల్లో జరిగేది అదేగా. అంత రాక్షసుడూ ఇంత గొడ్డలి పట్టుకుని, నువ్వు సంచిలో గాయాలు మాన్పే మందు సీసా వెతుక్కునేదాకా ఊగుతూ నుంచుంటాడు. నాకైతే నవ్వాగదు.

(చట్టం ఒప్పుకోకపోయినా, సంక్రాంతికి ఈ వైపు ఏ మాటైనా తిరిగి తిరిగి బరి దగ్గరికే చేరుతుంది.)

చెల్లి: కోడి సంగతి సరే, దాన్ని దించేవాడి సంగతి చెప్పు. ఏ రోజు ఏ రంగు దించాలి, డేగ మీదకి కాకిని వదలొచ్చా లేదా అని కుక్కుట శాస్త్రం తిరగేసేది ఎవరు, కోడా? నేనాడేది ఆ మనిషి ఆట. పైగా నా కింద నలుగురుంటారు. ఒకడు కత్తి, ఒకడు విల్లు, ఒకామె మంత్రాలు, ఒకామె వైద్యం. నలుగురినీ ఒక్క కంట్రోలర్‌తో ఒకేసారి ఆడించు చూద్దాం. మీ యాక్షన్ ఆటల్లో నువ్వు ఒక్కడివే ఆడతావు, మిగతా ముగ్గురూ కంప్యూటర్ చెప్పినట్టు గెంతుతుంటారు.

అన్నయ్య: నలుగురెందుకు, ఒక్కడు చాలడా? ఎల్డెన్ రింగ్ అనే యాక్షన్ ఆటలో మార్గిట్ అనే బాస్, అంటే పెద్ద శత్రువు, ఉన్నాడు. స్టార్మ్‌వెయిల్ కోటకి వెళ్ళే దారికి అడ్డంగా నుంచుంటాడు. కర్ర పైకెత్తుతాడు. ఎత్తి, అలాగే ఆపేస్తాడు. కొత్తగా ఆడేవాడు కంగారులో తప్పించుకోబోయి ముందే దొర్లేస్తాడు. దొర్లి లేచేసరికి, అప్పుడు, ఆ కర్ర నెత్తిన పడుతుంది. నీ కంగారు మీదే వాడి దెబ్బంతా. నాలుగుసార్లు చస్తావు, పదిసార్లు చస్తావు. ఓ రోజు కర్ర పైకి లేచాక నీ వేలు నొక్కబోయి ఆగుతుంది. ఇంకా కాదు... ఇంకా కాదు... ఇప్పుడు. కర్ర పక్కనుంచి పోతుంది, వాడి డొక్క నీ కత్తి ముందు ఖాళీగా ఉంటుంది. నీ పాత్రకి లెవెల్ పెరగలేదు, పెరిగింది నువ్వు. ఆ మజా ఏ మెనూలో ఉందో చూపించు.

చెల్లి: బాగా చెప్పావు, నాకూ ఆడాలనిపించింది. కానీ ఆ కర్ర ఎప్పుడు దిగుతుందో నువ్వు చూసి దొర్లావా, గుర్తుపెట్టుకుని దొర్లావా? కన్ను చూసి వేలు కదలడానికి మనిషికి సుమారు పావు సెకను పడుతుంది. తెర మీద సెకనుకి 60 బొమ్మలు, అంటే ఫ్రేములు, మారే లెక్కన అప్పటికి 15 ఫ్రేములు దాటిపోతాయి. కాబట్టి నువ్వు వేగంగా ఆడింది తక్కువ, బట్టీ పట్టింది ఎక్కువ. ఆలోచించడం నేను ఫైటు మధ్యలో చేస్తాను, నువ్వు చచ్చిన పదిసార్లలో చేశావు. అదీ మంచి టీవీ ఉంటేనే. హాల్లో మన టీవీలో బటన్ నొక్కాక బొమ్మ కదలడానికే ఆలస్యం, ఇక మార్గిట్ నీకేం అందుతాడు?

అన్నయ్య: టీవీని మధ్యలోకి లాగకు. బట్టీ అంటున్నావుగా, స్టామినా సంగతేంటి? పచ్చ గీత ఉంటుంది. కొడితే తరుగుతుంది, దొర్లితే తరుగుతుంది. ఆశకి పోయి ఒక దెబ్బ ఎక్కువ వేశావా, దొర్లాల్సినప్పుడు ఒంట్లో ఓపిక ఉండదు. పెద్ద కత్తి ఒకసారి ఊపడం మొదలెట్టావంటే మధ్యలో ఆపలేవు. ఇదంతా ఆలోచన కాదా? అసలు ఆలోచన లేనిది మీ పాత ఆటల్లో. నాలుగడుగులు వేస్తే తెర గిర్రున తిరుగుతుంది, అదే జంతువు, అదే పాట. అటాక్, అటాక్, అటాక్. గెలిచాక మళ్ళీ నాలుగడుగులు.

(దీనికి జవాబు లేదు. 1986లో డ్రాగన్ క్వెస్ట్, 1987లో ఫైనల్ ఫాంటసీ వచ్చిన దగ్గర్నుంచి ఈ జబ్బు చాలా ఏళ్ళు ఉంది. నిర్ణయించడానికి ఏమీ లేని వంతు ఉన్నా లేనట్టే. చెల్లి కూడా ఒప్పుకుంది, కాకపోతే ఒప్పుకున్నట్టు కనబడకుండా.)

చెల్లి: ఆ జబ్బుకి మందు ఎప్పుడో కనిపెట్టారు. 2003లో షిన్ మెగామి టెన్సెయి మూడో ఆటలో వంతులు సంపాదించుకోవచ్చు, పోగొట్టుకోవచ్చు. శత్రువు బలహీనత తెలుసుకుని కొడితే నీకు ఎక్కువ వంతులు వస్తాయి. గురి తప్పితే ఉన్నవీ పోతాయి. శత్రువుకీ అదే రూలు. అక్కడ ఊరికే అటాక్ నొక్కుతూ కూర్చుంటే చిన్న చితకా దయ్యాలే నిన్ను పాతిపెడతాయి. బాల్డర్స్ గేట్ 3 అనే వంతుల ఆట సంగతి చెప్పనా?

అన్నయ్య: చెప్పకపోతే ఊరుకుంటావా.

చెల్లి: వంతెన అవతల ఆరుగురు గోబ్లిన్లు, అంటే పొట్టి రాక్షసులు, ఇవతల మనం నలుగురం. నా విలుకాణ్ణి ముందే ఎత్తు మీదకి ఎక్కిస్తాను, ఎత్తు నుంచి వేసే బాణానికి గురిలో రెండు పాయింట్లు కలుస్తాయి. గోబ్లిన్లు గుంపుగా ఉన్న చోటుకి ఓ నీళ్ళ సీసా విసురుతాను. విరగ్గొట్టడానికి కాదు, తడపడానికి. తడిసిన ఒంటికి పిడుగు మంత్రం తగిలితే దెబ్బ రెట్టింపు. పిడుగు పడ్డాక మిగిలినవాడు ఒకడు మన వైద్యురాలి మీదకొస్తాడు, వంతెన అంచున నిలబడి. వాణ్ణి కత్తితో కొట్టక్కర్లేదు, ఒక్క తోపు తోస్తే లోయలో పడతాడు. ఇదంతా ఆలోచించడానికి నాకు టీ తాగినంత సేపు పట్టింది, ఆటలో మాత్రం నాలుగు వంతులు. నీ వేగంలో అయితే ఆ నీళ్ళ సీసా సంచిలో ఉందన్న సంగతే గుర్తురాదు.

అన్నయ్య: ఇంతా చేసి, తగిలే అవకాశం 95 శాతం అని చూపించి, బాణం పక్కకి పోతుంది. అప్పుడు నా తప్పేంటో చెప్పు. మార్గిట్ కొడితే తప్పు నాది. పాచిక కొడితే ఎవరిది?

చెల్లి: 20 ముఖాల పాచిక. ఒకటి పడితే ఎంతటివాడికైనా గురి తప్పుతుంది, అందుకే ఆ 95. ఇరవైలో ఒకటి తప్పుతుందని ముందే చెప్పింది, అది తప్పినా నిలబడేట్టు ప్లాను వెయ్యడమే ఆట. అసలు గొడవ మన మనసుది. 90 శాతం అంటే తప్పదనే అనుకుంటాం. అందుకే 2002 నుంచి ఫైర్ ఎంబ్లెమ్ అనే వంతుల ఆటల వాళ్ళు చాలా ఆటల్లో పాచిక రెండుసార్లు వేసినట్టు రెండు సంఖ్యలు తీసి సగటు చూసేవాళ్ళు. తెర మీద 90 అని ఉంటే లోపల దాదాపు 98.

అన్నయ్య: అంటే తూకం రాయి మార్చారన్నమాట. ఎంత తప్పుతుందో ముందే చెప్పేస్తుందన్నావు కదే ఇందాక!

చెల్లి: మనకి అనుకూలంగా మార్చారు.

అన్నయ్య: మోసం మోసమే. సరే, ఇంకోటి. టర్న్ బేస్డ్‌తో పేరు తెచ్చుకున్న ఫైనల్ ఫాంటసీ వాళ్ళే దాన్ని ఎందుకు వదిలేశారు? 1991లో నాలుగో ఆటకే విసుగొచ్చి, నువ్వు మెనూలో వెతుకుతుంటే శత్రువు కొట్టేసేట్టు గడియారం పెట్టారు. 2023లో పదహారోది పూర్తిగా యాక్షన్. ఫైట్లు చెయ్యడానికి డెవిల్ మే క్రై 5 అనే యాక్షన్ ఆటకి పని చేసినాయన్ని తెచ్చుకున్నారు. ఇల్లు కట్టినవాళ్ళే ఖాళీ చేశాక నువ్వు అద్దెకి ఉంటున్నావు.

చెల్లి: అదే 2023లో బాల్డర్స్ గేట్ 3 ద గేమ్ అవార్డ్స్‌లో ఏడాది మేటి ఆటగా అవార్డు తీసుకుంది. దాని సంగతీ విను. 1998లో వచ్చిన మొదటి ఆట రియల్ టైమ్, కావాలంటే పాజ్ చేసుకోవచ్చు. మూడోదానికొచ్చేసరికి వంతులకి మారారు. యాకుజా తెలుసుగా, వీధుల్లో పిడిగుద్దుల ఆట? 2019 ఏప్రిల్ ఒకటిన టర్న్ బేస్డ్ ఫైటు వీడియో పెట్టారు, అందరూ ఏప్రిల్ ఫూల్ అనుకున్నారు. 2020లో ఆట నిజంగా అలాగే వచ్చింది. నువ్వు ఖాళీ అయిందంటున్న ఇంట్లోకి సామాన్లు దిగుతున్నాయి. 2025లో మేటి ఆట క్లెయిర్ అబ్స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33, అదీ వంతులదే.

అన్నయ్య: దొరికావు! అది నేనూ ఆడాను. వంతులు పేరుకే. శత్రువు కొట్టేటప్పుడు సరిగ్గా ఆ క్షణంలో దెబ్బని అడ్డుకునే ప్యారీ నొక్కాలి, లేకపోతే తప్పించుకునే డాడ్జ్. నొక్కకపోతే మీ ప్లాన్లన్నీ బూడిద. మార్గిట్ దగ్గర నేర్చుకున్నదే అక్కడ నాకు పనికొచ్చింది. అవార్డు మీ పేరు మీద, కష్టం మా పద్ధతిది.

చెల్లి: సూపర్ మారియో ఆర్పీజీ 1996లోనే సరైన క్షణంలో నొక్కితే దెబ్బ పెరిగేట్టు పెట్టింది. అది మా ఇంట్లో పాత సరుకే, మీ దగ్గర అప్పు తెచ్చింది కాదు.

అన్నయ్య: పాతవి నువ్వొక్కదానివే చదివావనుకోకు. డయాబ్లో అనే యాక్షన్ ఆట మొదట టర్న్ బేస్డ్‌గానే మొదలైంది. రియల్ టైమ్ చెయ్యమని బ్లిజార్డ్ కంపెనీ వాళ్ళు పోరుపెడితే దాన్ని తయారుచేస్తున్న డేవిడ్ బ్రెవిక్ ససేమిరా అన్నాడు. చివరికి సరే, చాలా పనవుతుంది, అదనంగా డబ్బివ్వాలి అని బేరం పెట్టి, కూర్చుని ఓ మధ్యాహ్నం కొన్ని గంటల్లో మార్చేశాడు. మౌస్ నొక్కాడు, వీరుడు నడుచుకుంటూ వెళ్ళి అస్థిపంజరాన్ని కొట్టాడు, అది ముక్కలైంది. అక్కడితో ఆయన మనసు మారిపోయింది. వంతులంటే ప్రాణం పెట్టినవాడే ఒక్క క్లిక్కుకి పడిపోయాడు.

(ఈ దెబ్బకి చెల్లి తగ్గుతుందనుకున్నాను. పూతరేకు పొర విప్పుతూ కూర్చుంది.)

చెల్లి: కొన్ని గంటల్లో ఎలా అయిందో ఆలోచించావా? వంతుల్ని ఆయన తీసెయ్యలేదు. వంతుకీ వంతుకీ మధ్య నీ కోసం ఆగడం తీసేశాడు. ఆ ఆట లోపల సెకనుకి 20 వంతులు నడుస్తాయి. నువ్వు ఆడినా ఆడకపోయినా వంతు పోతూనే ఉంటుంది. నీ రియల్ టైమ్ కిందున్నదీ నా ఆటే. తేడా ఒక్కటే, అది నీకు ఆలోచించే వ్యవధి ఇవ్వదు.

అన్నయ్య: ఆ వ్యవధి లేకపోవడమే నాకు కావాల్సింది.

చెల్లి: మొన్న తెల్లారగట్ల ఏమైంది మరి? కరెంటు పోయింది, ఏరేటర్లు ఆగాయి, ఫోన్లో అలారం. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయే టైమే అది. నువ్వేమో మకాంలో లాప్‌టాప్ ముందు, బాస్ ఎదురుగా. కంట్రోలర్ మంచం మీద గిరాటేసి జనరేటర్ దగ్గరికి పరిగెత్తావు. తిరిగొచ్చేసరికి తెర మీద "యూ డైడ్". నా ఆటలో వారం తర్వాత వచ్చినా గోబ్లిన్ ఉన్న చోటే ఉంటాడు.

అన్నయ్య: రొయ్య దక్కింది. ఆటలో సంపాదించిన రూన్లు పోతే పోయాయి. చూడమ్మడూ, పొద్దున్న లేస్తే నాకన్నీ లెక్కలే. ఏ చెరువుకి ఎంత మేత, చెక్ ట్రేలో ఎంత మిగిలింది, నీళ్ళలో ఆక్సిజన్ ఎంత, కిలోకి వంద తూగే రొయ్య రేటెంత, వడ్డీ ఎంత. ఒక్కోదానికీ పది రకాలుగా ఆలోచించి, ఆ రాత్రికి నిద్రపట్టక మళ్ళీ ఆలోచిస్తాను. ఆటలో కూర్చున్నప్పుడు కూడా ఇన్ని శాతాలు, ఇన్ని పాయింట్లు అంటే నావల్ల కాదు. మార్గిట్ కర్ర ఎత్తినప్పుడు నా బుర్రలో రేటు ఉండదు, బాకీ ఉండదు. ఆ కర్ర ఒక్కటే ఉంటుంది.

చెల్లి: ... అది నాకు తెలుసన్నయ్యా. నాకేమో పొద్దున్నుంచీ అర్జెంటు, అర్జెంటు. ఒక మీటింగ్‌లో ఉండగా ఇంకో మీటింగ్. చూశావా, రిప్లై ఇవ్వలేదేం, ఇంకా అవలేదా. రాత్రి ఆట తెరిస్తే, ఇంత పెద్ద రాక్షసుడు నా ఎదురుగా నిలబడి, నేను ఏదో ఒకటి చెప్పేదాకా నోరు మూసుకుని ఉంటాడు. నువ్వు నవ్వుతావుగా వాడు ఊగుతూ నుంచుంటాడని. నాకు వాడే ఇష్టం.

(ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు. నేనూ మధ్యలో దూరలేదు. ముందే మొగ్గు చెప్పేసి తప్పు చేశానేమో అనిపించిన చోటు ఇదొక్కటే.)

అన్నయ్య: సరే, నీ గోబ్లిన్లు నా లాప్‌టాప్‌లో వెయ్యి, ఓసారి చూస్తాను. ఎంత ఉంటుంది?

చెల్లి: 150 జీబీ.

అన్నయ్య: ఎల్డెన్ రింగ్ 60కి సరిపెట్టుకుంటోందే! కూర్చుని ఆలోచించడానికి అంత చోటెందుకు? నా డిస్కులో ఉన్నది 80.

చెల్లి: నీ పెళ్ళి వీడియోలు ఉన్నాయిగా, రెండు కెమెరాలవీ. ఒక కెమెరా తీసెయ్.

అన్నయ్య: మీ వదిన్ని అడుగు. ముందు నువ్వే అడుగు, తర్వాత నేనడుగుతాను.

చెల్లి: నేనెందుకు? వంతు నీది.