రోజులు పెరిగాయి, మరి పని?

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పథకం స్థానంలో 2025 డిసెంబర్‌లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. పేరు వికసిత్ భారత్ జీ రామ్ జీ. కుటుంబానికి ఏటా 100 రోజుల పని ఇకపై 125 రోజులవుతుందని కేంద్రం గట్టిగా చెప్పుకుంటోంది. వినడానికి బాగానే ఉంది. కానీ చట్టంలో వంద రోజులున్నప్పుడు కూడా పనికి వచ్చిన కుటుంబానికి దేశంలో సగటున దక్కింది యాభై రోజుల అటూఇటూ మాత్రమే. మిగతా యాభై ఎందుకు దక్కలేదో తేల్చకుండా పై అంకె పెంచితే కూలీకి ఒరిగేదేమిటి?

పాత చట్టం బలమంతా ఒక్క నియమంలో ఉండేది. పని అడిగిన 15 రోజుల్లో చూపించాలి, చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి. ఎంతమంది అడిగినా కూలి డబ్బు మొత్తం కేంద్రానిదే. కేంద్రం నిధులు బిగబట్టడం, కూలి నెలల తరబడి ఆగిపోవడం అప్పుడూ ఉన్నాయి. అయినా నిలదీయడానికి చట్టం ఉండేది. ఇప్పుడు ఏ రాష్ట్రానికి ఎంతో కేంద్రం ముందే లెక్క కడుతుంది. అందులో 40 శాతం మన రాష్ట్రాలే పెట్టుకోవాలి. ఆ లెక్క దాటితే ప్రతి రూపాయీ రాష్ట్రానిదే. జీతాలు, పింఛన్లు సర్దడానికే అప్పుల కోసం చూసే ప్రభుత్వాలు పని అడిగేవాళ్లు పెరగాలని కోరుకుంటాయా? వద్దని పైనుంచి ఎవరూ ఆర్డర్ వేయక్కర్లేదు. ‘ఇంకా పనులు శాంక్షన్ కాలేదమ్మా, వచ్చే వారం రా’ అని మండల ఆఫీసులో అంటే చాలు.

సాగు సీజన్‌లో 60 రోజులు పనులు ఆపాలన్న నిబంధన మాకు మరీ వింతగా ఉంది. కూలీలు దొరక్క రైతులు పడుతున్న ఇబ్బంది నిజమే. అయితే మన దగ్గర ఉపాధి పనులు ఎక్కువగా సాగేది ఏప్రిల్ నుంచి జూన్ దాకా, ఎండల్లో. నాట్లప్పుడు, కోతలప్పుడు పొలంలో ఎక్కువ కూలి దొరుకుతుంటే గడ్డపార పట్టుకుని చెరువు మట్టి తవ్వడానికి ఎవరు పోతారు? 2025-26లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉపాధి కూలి రోజుకు 307 రూపాయలు. అదీ చేసిన పని కొలతల ప్రకారం, చాలామందికి పూర్తిగా పడదు. అసలు చిక్కు వాన పడని ఏడాది వస్తుంది. రాయలసీమలో వేరుశనగ విత్తనమే పడని ఖరీఫ్‌లు కొత్త కాదు. పొలంలో పని లేదు, ఉపాధి పనులకేమో సెలవు. ఆ కూలీ బెంగళూరు బస్సెక్కక ఏం చేస్తాడు?

అవినీతి సంగతీ చెప్పాలి. దొంగ మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) లేవని ఎవరూ అనరు. వాటిని బయటపెట్టిన పద్ధతి కూడా ఇక్కడిదే. సామాజిక తనిఖీ కోసం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2009లోనే ప్రత్యేక సంస్థ పెట్టింది. ఊరి జనం ముందు మస్టర్ చదివి వినిపిస్తే, ఎప్పుడో చనిపోయినవాళ్ల పేర్లు అక్కడికక్కడే దొరికిపోతాయి. దాన్ని బలపరచడం మానేసి 2023 నుంచి హాజరు కోసం పనిచోట కూలీల ఫొటోలు రోజుకు రెండు, 2024 నుంచి ఆధార్ ఆధారిత కూలి చెల్లింపులు తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేని గూడెంలో పొద్దంతా పనిచేసినా ఫొటో అప్‌లోడ్ కాకపోతే ఆ రోజు హాజరు గల్లంతే.

కేంద్రంలో భాగస్వామిగా ఉన్న తెలుగుదేశానికి ఈ విషయంలో మాట చెల్లించుకునే అవకాశముంది. కరువు మండలాల్లో నిధుల పరిమితి, 60 రోజుల విరామం రెండూ ఎత్తేయాలని అడగాలి. ఇక రెండు రాష్ట్రాలూ వెంటనే చేయగలిగిన పని ఒకటుంది. పని అడిగిన ప్రతి ఒక్కరికీ తేదీ వేసి రసీదు ఇవ్వడం. అది ఇవ్వకపోబట్టే పాత చట్టంలోనూ నిరుద్యోగ భృతి దాదాపు కాగితానికే పరిమితమైంది. దీనికి కేంద్రం అనుమతి అక్కర్లేదు, పెద్దగా ఖర్చూ లేదు.